కర్ఫ్యూలో పోయిన కూలీ ఏ లెక్కలోకి వస్తుంది?

సంపాదకులకు,

మత ఘర్షణలు జరిగిన ప్రతిసారీ మృతుల సంఖ్య, తగలబడిన దుకాణాల సంఖ్య పత్రికల్లో వస్తాయి. పరిహారం కూడా ఆ లెక్కల మీదే నడుస్తుంది. హైదరాబాద్ పాతబస్తీలో గాజుల వ్యాపారం చేసుకుని బతికిన కుటుంబంలో పుట్టినవాడిగా, ఆ లెక్కలకు అందని నష్టం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

1978 మొదలు 1984 దాకా ఇక్కడ దాదాపు ఏటా అల్లర్లే. 1990 డిసెంబరులో 130 మందికి పైగా చనిపోయారు, ముఖ్యమంత్రి చెన్నారెడ్డి పదవి నుంచి తప్పుకున్నారు, కర్ఫ్యూ రోజుల తరబడి సాగింది. చార్మినార్ పక్కనున్న గాజుల బజారు లాడ్‌బజార్‌లో మెరిసే లక్క గాజు దుకాణంలో తయారయ్యేది కాదు. చుట్టుపక్కల గల్లీల్లోని ఇరుకు ఇళ్లలో, నిప్పుల మీద లక్కను మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, అది చల్లారేలోగా ఒక్కొక్క రాయినీ అద్దే ఆడవాళ్ల చేతుల్లో తయారవుతుంది. చేసిన సరుకును బట్టి కూలీ అందుకునే ఆ ఇళ్లకు కర్ఫ్యూ పెడితే బొగ్గు రాదు, రాళ్లు రావు, చేసి పెట్టిన గాజులు బజారు ముఖం చూడవు. రెండు గంటల సడలింపులో పాల కోసం పరుగెత్తాలా, సేటు దగ్గర రావలసిన కూలీ కోసం పరుగెత్తాలా? ఇల్లు కాలలేదు కనుక పరిహారం జాబితాలో వాళ్ల పేరు ఉండదు.

ఇక మా వంటి వ్యాపారులకు పోయింది పరపతి. రంజానుకు ముందు ఉద్దెరకు సరుకెత్తి, పండుగ అమ్మకాలతో బాకీ తీర్చడం మా నాన్నగారి కాలం నుంచి వస్తున్న పద్ధతి. 1990 తర్వాత పొరుగూరి టోకు వర్తకులు ముందు నగదు పెట్టమన్నారు. కొన్నేళ్లకు అప్పు కోసం నేను ఒక బ్యాంకుకు వెళితే, మేనేజరు లెక్కల పుస్తకం తెరవకుండానే చిరునామా చూసి ఆగిపోయాడు. టీ మాత్రం మర్యాదగానే ఇప్పించాడు. భయంతో ఇళ్లను అయినకాడికి అమ్ముకుని మూసీ దాటిపోయిన కుటుంబాలు తమ పెట్టుబడినీ, తాము పెట్టుకున్న పనివాళ్ల ఉపాధినీ వెంట తీసుకుపోయాయి.

తప్పంతా అల్లర్లదేనని నేను అనను. పాతబస్తీని పట్టించుకోకపోవడానికి అవి పాలకులకు మంచి సాకుగా కూడా పనికొచ్చాయి. పాతబస్తీ అభివృద్ధి కోసమే 1981లో కులీ కుతుబ్‌షా సంస్థను పెట్టారు. అయినా 2020లో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా వచ్చిన మెట్రో అక్కడే ఆగింది, ఇటువైపు మార్గానికి శంకుస్థాపన 2024 మార్చిలో గానీ జరగలేదు.

ఆ 2024లోనే హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. గాజుకు గుర్తింపు వచ్చినట్టే వాటిని చేసే చేతులకూ కార్మిక శాఖ ఒక జాబితా తయారుచేసి, కర్ఫ్యూ విధించిన ప్రతి రోజుకూ ఆ జాబితాలోని వారికి కనీస వేతనం చెల్లించేలా, చిన్న వ్యాపారుల అప్పు వాయిదాలు ఆ రోజుల మేరకు వెనక్కి జరిగేలా ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, షాలిబండ, హైదరాబాద్