గాజు ఎక్కని రోజే తెలిసుంటే

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో రొమ్ము క్యాన్సర్ అవగాహన ర్యాలీ ఫోటో వేశారు. కొండారెడ్డి బురుజు దగ్గర గులాబీ టోపీలు, బ్యానర్ పట్టుకున్న అధికారులు. గడ్డ కనబడితే పరీక్ష చేయించుకోమన్నారు, మంచిదే. ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన ఆడమనిషి సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. అది చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

మా అక్కకు రెండేళ్ల కిందట ఆపరేషన్ చేసి చంకలో గ్రంథులు తీశారు, తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టారు. గ్రంథులు తీస్తే చేతిలో నీరు సరిగా దిగదని, వాపు నెలలకో ఏళ్లకో కూడా రావచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితాలన్నీ ఇంగ్లీషే.

ఉగాదికి గాజులు వేసుకోబోతే ఆపరేషన్ అయిన వైపు చేతికి ఎక్కలేదు. రవిక చెయ్యి బిగుతు. సాయంత్రానికి చెయ్యంతా బరువు, తెల్లారేసరికి తగ్గేది. తగ్గుతోంది కదా అని ఊరుకున్నాం. గ్రంథులు తీశాక ఇలా నీరు చేరి వచ్చే చేతి వాపును లింఫెడిమా అంటారట. మొదట్లో అలా వచ్చి పోవడమే దాని లక్షణమట, అప్పుడు పట్టుకుంటేనే అదుపులో ఉంటుందట. పక్కింటామె దోమల వల్ల వచ్చే బోదవాపు అంది, మేమూ నమ్మాం. చివరికి పొయ్యి దగ్గర చిన్నగా కాలింది. రెండు రోజులకు చెయ్యి ఎర్రగా కమిలి, ముట్టుకుంటే వేడి, చలిజ్వరం. ఇన్ఫెక్షన్, ఆలస్యం చేయకూడదని వెంటనే అడ్మిట్ చేసుకున్నారు. ఐదు రోజులు అక్కడే. ఎంత టెన్షన్ పడ్డామో!

అక్కడి ఫిజియోథెరపీ అమ్మాయి టేపుతో రెండు చేతులూ కొలిచి తేడా చూపించింది. అంతే పని! వాపు అదుపులో ఉండటానికి చేతికి వేసుకునే బిగుతు తొడుగు మాత్రం సొంత డబ్బుతో కొన్నాం.

మన దగ్గర ఏ ఆఫీసుకు పోయినా ఇదే తంతు. ప్రారంభానికి వస్తారు, ఫోటో దిగుతారు, నెల తర్వాత అడిగే నాథుడుండడు. కాగితం తెలుగులో ఇవ్వమంటే విసుక్కుంటారు. సంతకం మాత్రం మనమే పెట్టాలి.

బీపీ, షుగర్ చూడ్డానికి ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇళ్లకు వస్తూనే ఉన్నారు. ఆపరేషన్ అయినవాళ్ల చేతులు కొలవడం కూడా వాళ్లకు నేర్పండి. డిశ్చార్జి రోజే ఉంగరం, గాజు, రవిక బిగిస్తే ఏం చేయాలో తెలుగులో రాసిన కాగితం చేతికివ్వండి. జిల్లా వైద్యాధికారి గారు దీనికి మీ పేపర్లోనే జవాబివ్వాలి.

— ఒక పాఠకురాలు, ఆదోని, కర్నూలు జిల్లా