అమ్మ ఎడమ చెయ్యి: అందరికీ కృతజ్ఞతలు

పొందూరులో మా అమ్మను ఎరిగినవాళ్ళందరికీ ముందుగా ఒక మాట: అమ్మ మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది. అందుకు కారకులైన కొందరు తమ పేర్లు రాయవద్దని గట్టిగా చెప్పారు కనుక ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరికి వారికే తెలుస్తుంది.

అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంటే కదలవు. గ్లాసు ఎత్తినా, ఏకు (వడకడానికి చుట్టిన దూది) పట్టి పోగు లాగినా వణుకు మొదలవుతుంది. మా తాతయ్యకూ ఇంతే. ఒక ఆసుపత్రిలో పార్కిన్సన్స్ అనుకుని రెండేళ్ళు ఆ మందులే మింగించారు. ఆ కోపం నాకింకా పోలేదు. శ్రీకాకుళంలో ఒక డాక్టరమ్మ కాగితం మీద సుడి గీయించి, రంపపు పళ్ళలా వచ్చిన ఆ గీతను చూసి, తాతయ్య సంగతీ అడిగి, ఇది ఎసెన్షియల్ ట్రెమర్, అంటే పని చేసేటప్పుడు చేతులు వణికే జబ్బు అన్నారు. మొదటి నమస్కారం ఆవిడకే.

ఉబ్బసం ఉంది కనుక వణుకుకిచ్చే ప్రొప్రనొలాల్ మందు పనికిరాదన్నారు. ప్రిమిడోన్ వేసుకుంటే తూలిపోయేది. గుండె కోసం రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నందున తల తెరిచే ఆపరేషను వద్దనుకున్నారు. చివరికి బెంగళూరులో గామా నైఫ్ అనే కిరణాల చికిత్స చేయించాం. పేరులో కత్తి ఉంది గానీ కోత లేదు. కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం నుంచి వచ్చే 192 సన్నని కిరణాలు, విడిగా ఏదీ హాని చేసేంత బలమైనది కాదు, మెదడు లోపల థాలమస్ అనే భాగంలో, వణుకును నడిపించే ఒక్క చోట కలుస్తాయి. ఇది విని అమ్మ, "పోగులన్నీ కలిస్తే తాడే కదా" అంది.

చికిత్స ఒక చేతికే అన్నారు. అన్నం తినే కుడి చెయ్యే కదా అనుకున్నాను. అమ్మ ఎడమ చెయ్యి అంది. డాక్టరు గారి ముందే పోట్లాడాను. ఆయన నన్ను ఆగమని, "ఎందుకమ్మా?" అని అడిగారు. కుడి చెయ్యి రాట్నం తిప్పుతుంది, వణికినా చక్రం తిరుగుతుంది. పోగు లాగేది ఎడమ చెయ్యి. వాలుగ చేప దవడతో దువ్విన పత్తి నుంచి తీసే నూలు అది, చెయ్యి అదిరితే తెగుతుంది. ఆయన అమ్మ చేత గాలిలోనే నూలు వడికించి చూశారు. "సరే, ఎడమ చెయ్యే" అన్నారు. ఎడమ చేతికి మెదడులో కుడివైపు చెయ్యాలట. ఆ రెండు నిమిషాలు ఆగి విన్నందుకు మీకు ఎంత రుణపడ్డామో చెప్పలేను సార్.

తలకు నాలుగు మరలతో చట్రం బిగించేటప్పుడు, మత్తు సూదులు వేసినా, అమ్మ బిగుసుకుపోయింది. అక్కడ పనిచేసే సోంపేట తమ్ముడు చెయ్యి పట్టుకుని ఉద్దానం కొబ్బరి కబుర్లు ఆపకుండా చెప్పాడు. నాయనా, నువ్వు చల్లగా ఉండాలి.

మర్నాడే పంపించేశారు. అసలు కష్టం ఆ తర్వాతే. వణుకు వెంటనే తగ్గదు, నెలలు పడుతుందని వాళ్ళు ముందే చెప్పారు. అయినా రెండో నెలకల్లా బూడిదలో పోసిన పన్నీరేనని నాకు నేనే అనుకున్నాను. మా వీధి పిన్నులు, వదినలు మాత్రం ఒక్కసారైనా "తగ్గిందా?" అని అడగలేదు. రోజూ ఏకులు తెచ్చి, రాట్నం పక్కన పెట్టి వెళ్ళిపోయేవారు.

నాలుగో నెలలో ఒక సాయంత్రం ఆ ఏకుల్లో ఒకటి తీసి, చివరిదాకా తెగకుండా వడికింది. ఇప్పుడు రోజూ కూర్చుంటోంది. కుడి చేతిలో టీ గ్లాసు ఇంకా తొణుకుతూనే ఉంది. ఎడమ చెయ్యి అడుగున ఆనిస్తోంది.