మా వృత్తిని జూదం పద్దులో నుంచి తీసివేయించండి: మంత్రి గారికి ఒక రేసు గుర్రాల ట్రైనర్ బహిరంగ లేఖ

గౌరవనీయ మంత్రివర్యులకు,

వర్ధన్నపేట ప్రాంతం నుంచి పొట్టకూటి కోసం మలక్‌పేట రేసుకోర్సుకు వెళ్లి, సైసుగా (గుర్రాల బాగోగులు చూసే పనివాడిగా) చేరి, అసిస్టెంటుగా ఏళ్ల తరబడి పనిచేసి, ఆఖరికి ట్రైనర్ లైసెన్సు సంపాదించుకున్న నేను నమస్కరించి రాయునది.

మమ్మల్ని జూదం పద్దులో చేర్చి గుర్రప్పందేలపై వేస్తున్న జీఎస్టీ సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2017లో 28 శాతంతో మొదలై, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. జీఎస్టీ మండలి సమావేశంలో మా గోడు వినిపిస్తామని హనుమకొండలో మీరు మాకు మాట ఇచ్చారు. ఆ తరువాత పెట్టుకున్న వినతిపత్రాలకు రసీదులే దక్కాయి.

గుర్రప్పందెంలో గెలుపు ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడుతుందని, అది జూదం కాదని 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ నైపుణ్యం తెల్లవారకముందే కొట్టంలో మొదలవుతుందండీ. రెండేళ్ల గుర్రప్పిల్లకు కళ్లెం, జీను అలవాటు చేసి, పందెం మొదలయ్యే స్టార్టింగ్ గేటులో బెదరకుండా నిలబడటం నేర్పి, మొదటి పందేనికి దించడానికి నెలలు పడుతుంది. రోజూ ముంగాలి మోకాలి కింద వెనకవైపు స్నాయువు (కండను ఎముకకు పట్టి ఉంచే నరం) పొడవునా అరచేత్తో నిమిరి చూస్తాము. నిన్న లేని వెచ్చదనం ఇవాళ చేతికి తగిలితే అక్కడ దెబ్బ ఉందేమోనని, యజమాని ఎంత తొందరపెట్టినా ఆ గుర్రాన్ని పరుగుకు పంపము. దీన్ని పేకాటతో ఒకే గాటన కట్టడం న్యాయమేనా?

పన్ను బరువుకు పందెం టికెట్టు కొనేవాళ్లు లైసెన్సు లేకుండా పందేలు కట్టించుకునే దొంగ బుకీల దగ్గరకు పోతే రేసు క్లబ్బు రాబడి పడిపోతుంది, దాంతో బహుమతి సొమ్ము తగ్గుతుంది, అది తగ్గితే యజమానులు గుర్రాలను వదిలించుకుంటారు. మాకు వచ్చేది గుర్రానికి ఇంతని యజమాని ఇచ్చే నెల ఫీజు, గెలిస్తే బహుమతిలో వాటా. ఆ ఫీజులో నుంచే దాణా, నాడాలు, సైసుల జీతాలు వెళ్లాలి. యజమాని ఫీజు ఆపేసినంత మాత్రాన గుర్రాన్ని పస్తు పెట్టలేము కదా! ఓట్స్‌కూ, లూసర్న్ గడ్డికీ అప్పు చేశాను; జీతాలకు మళ్లీ అప్పు చేశాను. నా దగ్గర రాయపర్తి, పర్వతగిరి వైపు కుర్రాళ్లున్నారు. చిన్ననాటి నుంచి గుర్రం పనే చేసిన వాళ్ల చేతిలో చూపించుకోవడానికి ఒక్క కాగితమైనా లేదు, బయట వాళ్లను ఎవరు తీసుకుంటారు?

పన్నును పందెం సొమ్ము మొత్తం మీద కాక అందులో క్లబ్బు తనకు ఉంచుకునే కమిషన్ మీద మాత్రమే వేయాలని, మమ్మల్ని జూదం పద్దులో నుంచి తప్పించాలని మండలిలో గట్టిగా అడగండి. మామునూరు పశువైద్య కళాశాలలో సైసులకు శిక్షణ ఇప్పించి సర్టిఫికెట్టు ఇప్పించండి. అన్నిటికన్నా ముందు, అయ్యా, మాకిచ్చిన మాట ఏమైందో ఒక్క జవాబు రాయించండి.

ఇట్లు,
ఒక రేసు గుర్రాల ట్రైనర్,
వర్ధన్నపేట, వరంగల్ జిల్లా