ఫిజియోథెరపీకి వెళ్లే ముందు

అమ్మలూ,

నిన్న వీడియో కాల్‌లో నువ్వు కుర్చీలోంచి లేవడం చూశాను. పొట్టకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముందుకు వంగి లేచావు. కుట్లు మానాయి, డాక్టర్ గారు సరేనన్నారు. అయినా ఒంటికి భయం తీరలేదు. ఇన్నేళ్లూ ఈ ఎండోమెట్రియోసిస్‌తో, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బుతో, నెలసరి వచ్చినప్పుడల్లా నొప్పికి బిగుసుకుని, నీ పొత్తికడుపు కండరాలకీ, అడుగున గర్భసంచిని మోసే పెల్విక్ ఫ్లోర్ కండరాలకీ ఆ బిగుతే అలవాటైపోయింది. ఆపరేషన్ ఆ అలవాటును తీసెయ్యలేదు. అందుకే ఫిజియోథెరపీకి వెళ్లమంటున్నాను.

మొదట అన్నీ అడిగి తెలుసుకుంటారు. నువ్వు ఊపిరి తీసే తీరు, నడుము, తుంటి చూస్తారు. బొడ్డు దగ్గరి మచ్చ మీద రెండు వేళ్లు ఆనించి, చర్మాన్ని పైకీ కిందకీ, పక్కలకీ మెల్లగా కదుపుతారు. గట్టిపడ్డ చోటు సాగడానికి, తాకితే ఉలిక్కిపడటం తగ్గడానికి అది. ఇంట్లో ఎలా చేసుకోవాలో కూడా చూపించమను.

లోపలి కండరాల బిగుతు తెలుసుకోడానికి గ్లవ్ వేసుకున్న వేలితో యోని లోపల పరీక్ష చేస్తామనవచ్చు. నువ్వు ఒప్పుకుంటేనే. మధ్యలో ఆపమంటే ఆపాలి. తోడు కావాలంటే అడుగు, మొహమాటపడకు. అది వద్దనుకున్నా మిగతా వైద్యం చేయించుకోవచ్చు.

బాలింతలకు ఒళ్లు పట్టే ఆవిడని పంపిస్తానంటోంది అమ్మమ్మ. ఆవిడ చెయ్యి మంచిదే, నువ్వు పుట్టినప్పుడు నాకూ పట్టింది. కానీ ఇది కాన్పు కాదు. ఆపరేషనైన పొట్టని నూనె రాసి నొక్కించుకోకు. అమ్మమ్మతో నేను మాట్లాడతాను. వీడియోలు చూసి, ఆ పెల్విక్ ఫ్లోర్ కండరాలను బిగించే కెగెల్ వ్యాయామాలూ మొదలెట్టకు. బిగుసుకున్న కండరానికి ముందు వదలడం రావాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. చేతి వైద్యంతో ఎండోమెట్రియోసిస్ పోదు. నొప్పి, బిగుతు తగ్గడానికి కొందరికి సాయపడుతుంది, అంతే. మళ్లీ రాకుండా చేస్తామని ఎవరైనా ప్యాకేజీ అంటగడితే డబ్బు కట్టకు. డాక్టర్ గారు రాసిన మాత్రలు మానకు. జ్వరమొచ్చినా, కుట్ల దగ్గర చీము కనిపించినా ముందు ఆవిడకే ఫోన్ చెయ్యి.

పెళ్లయితే అదే తగ్గిపోతుందని నీతో ఎంతమంది అన్నారో నాకు తెలుసు. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి ఈ జబ్బు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. నీ నొప్పి నిజమేనని ఇక ఎవరి ముందూ నిరూపించుకోనక్కర్లేదు తల్లీ.

వదులుగా ఉండే బట్టలు వేసుకెళ్లు. ఆపరేషన్ రిపోర్టు, డిశ్చార్జ్ కాగితాలు సంచిలో పెట్టుకో. ఫీజు సంగతి నాన్న చూసుకుంటారు. అక్కడి నుంచి రాగానే ఫోన్ చెయ్యి.

అమ్మ