రాయగడలో సూరికి, కర్రని చెక్కే రూటర్ మిషను కొనబోయే ముందు

పర్లాకిమిడి
ఆదివారం

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం అందింది, ఫోటోలూ చూశాను. పెరట్లో రేకుల షెడ్డు, బల్ల, బల్ల మీద ఇనుము కోసే చేతి గ్రైండరు, డ్రిల్లు, కర్ర కోసే కట్టర్ మిషను. రిటైరైనోడి కొట్టులా లేదురా, కొత్త కోడలితో వచ్చిన సారెలా ఉంది. ఇప్పుడు విజయనగరం వెళ్లి రూటర్ కూడా తెచ్చీనా అని అడుగుతున్నావు. వద్దు. ఆ డబ్బు పెట్టాల్సిన చోటు వేరే ఉంది. చదివి తిట్టుకుందువు గాని.

ఫోటోలో ముందుగా నా కంట పడిందేటో తెలుసా? గ్రైండరుకి గార్డు, అదే చక్రాన్ని కప్పే రేకు, లేదు. అట్టపెట్టెలోనే ఉంటుంది, వెతుకు. ఏ వెల్డింగ్ షాపులో చూసినా ఉండదు కాబట్టి అదేదో అదనపు సామాను అనుకుంటాం. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి ఇంచుమించు 11,000 చుట్లు తిరుగుతుంది. లెక్కేస్తే చక్రం అంచు గంటకి 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతున్నట్టు. పగిలిందంటే ముక్క కూడా అదే వేగంతో వస్తుంది. కొత్త చక్రం బిగించేముందు దాని మీద రాసిన గరిష్ఠ వేగం చూడు, మిషను వేగం కన్నా అది ఎక్కువుండాలి. మధ్యలో ఇనప రింగు మీద గడువు తేదీ కూడా ఉంటుంది. చక్రాన్ని పట్టి ఉంచేది జిగురే, తేమకి అది దెబ్బ తింటుంది. కాబట్టి వానాకాలమంతా షెడ్డులో పడేసిన చక్రాన్ని బిగించకు.

గ్రైండరుకే కర్ర కోసే పళ్ల చక్రం బిగించి ఇస్తారు కొందరు దుకాణాలోళ్లు. దాన్ని మాత్రం గుమ్మం తొక్కనివ్వకు. కర్రలో పన్ను పట్టిందంటే మిషను చేతిలోంచి ఎగిరి ఒంటి మీదికి వస్తుంది. నీకు కట్టర్ మిషను ఉండనే ఉంది కదా. దాని కింది గార్డు స్ప్రింగుతో దానంతటదే మూసుకోవాలి. పని సాగట్లేదని మేకు దూర్చో తీగ కట్టో తెరిచి ఉంచేవాళ్లని నేను చాలామందిని చూశాను. నువ్వా పని చెయ్యకు.

ఇప్పుడు అసలు సంగతి. మన దగ్గర లైను పోవడం, రావడం మన చేతిలో లేదు. గ్రైండరు స్విచ్చుకి లాక్ ఉంటుంది చూడు, నొక్కి వదిలేసినా తిరుగుతూనే ఉంటుందే, అది. పని మధ్యలో కరెంటు పోతుంది. మిషను అలాగే బల్ల మీద పెట్టేసి టీకి లోపలికి వెళ్తావు. చెల్లెమ్మతో మాటల్లో పడతావు. లైను వస్తుంది. ఖాళీ షెడ్డులో గ్రైండరు దానంతటదే లేచి బల్లంతా తిరుగుతుంది, సాయంత్రం మీ మనవడు అక్కడే ఆడుకుంటాడు కూడానూ. అందుకే లైను పోయిన క్షణంలోనే స్విచ్చు ఆపు, వెంటనే ప్లగ్గు పీకు. మా వీధి వడ్రంగి మేస్త్రి అయితే కరెంటు పోగానే ముందు చెయ్యి ప్లగ్గు మీదకే వేస్తాడు, బీడీ తర్వాతే. చక్రం మార్చినా, బిట్టు మార్చినా అంతే. స్విచ్చు ఆపితే చాలదు, ప్లగ్గు బయటికి రావాలి. ఆపాక కూడా చక్రం కాసేపు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగేదాకా కింద పెట్టకు.

షెడ్డుకి ఎమ్.సి.బి., కరెంటు మితిమీరితే దానంతటదే పడే స్విచ్చు, ఉందిగా అంటావు. అది తీగల్ని కాపాడుతుందిరా, నిన్ను కాదు. 16 ఆంపియర్ల ఎమ్.సి.బి. పడాలంటే కరెంటు అంతకు మించాలి. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియర్లో పదోవంతు చాలు. రూటర్ డబ్బుతో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి పెట్టించు. కరెంటు నీ ఒంట్లోంచి నేలలోకి పోవడం మొదలెడితే రెప్పపాటులో కోసేస్తుంది. ఎలక్ట్రీషియన్నే పిలువు, నువ్వు పెట్టె విప్పకు. ఎక్స్‌టెన్షన్ వైరు టేపు చుట్టి అతికినదని ఫోటోలోనే తెలుస్తోంది. తడి నేల మీద అది పనికిరాదు, మార్చేయి.

గ్లవ్స్ ఏవి కొనాలన్నావు. డ్రిల్లుకీ కట్టర్ మిషనుకీ అసలు వద్దు. గుడ్డ కొస తగిలితే బిట్టు చేతిని కూడా లాగేసుకుంటుంది. లుంగీ, మెళ్లో కండువా, వదులు చేతుల చొక్కా, చైను, వాచీ కూడా అందుకే వద్దు. షెడ్డులో ప్యాంటు వేసుకో. గ్లవ్స్ డబ్బుతో నాలుగు క్లాంపులు కొను. చిన్న చెక్కని ఎడమ చేత్తో పట్టి కుడి చేత్తో డ్రిల్లు వేస్తుంటారు చూడు, అలా చెయ్యకుండా అవి కాపాడతాయి. కళ్లద్దాలు మాత్రం పక్కల మూసి ఉన్నవే కావాలి. చదువుకునే అద్దాలు ఆ పనికి రావు.

2018లో తిత్లీ తుఫానుకి పడిన పనస చెట్టు పలకలు ఇంకా ఉన్నాయన్నావు. బాగా ఆరి ఉంటాయి. కానీ అలాంటి కర్రలో బిగువు దాగి ఉంటుంది. కోస్తూంటే చీలిక మూసుకుపోయి రంపాన్ని పట్టేస్తుంది, మిషను వెనక్కి తంతుంది. అందుకని రంపానికి తిన్నగా వెనక నిలబడకు, ఓ పక్కకి జరిగి నిలబడు. కోసిన చీలిక మూసుకుపోకుండా అందులో సన్నటి చెక్కముక్క దూర్చు. కోసే ముందు పాత మేకులున్నాయేమో అయస్కాంతంతో తడుము.

పొడి సంగతి. కర్ర పొడే కదా అనుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందుండే క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో పెట్టింది. ముక్కు లోపలి క్యాన్సర్‌తో దానికి సంబంధం ఉంది. ముఖానికి చుట్టిన తువ్వాలు సన్నపొడిని ఆపదు. ఎఫ్.ఎఫ్.పి.2 మాస్కు తెచ్చుకో. చెల్లెమ్మ అప్పడాలు ఆరబెట్టే వైపు గాలి పోకుండా చూసుకో, లేకపోతే నీకు షెడ్డే ఉండదు. చెవులకి కూడా ఏదో ఒకటి పెట్టుకో. ఇప్పటికే ఫోన్లో "ఆ? ఆ?" అంటున్నావు.

మరోటి, అవిసె నూనె పూసిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకు. గాలి తగిలి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట విడివిడిగా ఆరెయ్యి.

రథయాత్ర అయ్యాక గుణుపూర్ మీదుగా బస్సెక్కి వస్తాను. ఆ పనస పలకల్లో రెండు నా పేరు రాసి పక్కన పెట్టు, పూజ పీట చేయిద్దాం. వెడల్పు ఎంతున్నాయో కొలిచి రాయి, దాన్నిబట్టి ఇక్కడ ఇత్తడి పువ్వులు కొంటాను.

నీ,
బాబ్జీ