కులాల లెక్క బయటికి రావాలి, ఇంటి గుట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

కులగణన లెక్కల మీద చర్చ మొదలైతే చాలు, 'మొత్తం బయటపెట్టండి' అని ఒకరంటే, 'వ్యక్తిగత వివరాలు, ఇవ్వడం కుదరదు' అని మరొకరు అంటున్నారు. వేర్వేరు కాగితాలను ఇద్దరూ ఒకే కట్టగా కట్టి మాట్లాడుతున్నారు. ఎన్యూమరేటర్ గడప దగ్గర నింపిన ఫారం వేరు. ఆ ఫారాలు కూడి వేసిన పట్టిక వేరు. పట్టిక చూసి ప్రభుత్వం నిర్ణయం తీసుకున్నప్పుడు నడిచిన ఫైలు ఇంకా వేరు. ఫారం ఎప్పటికీ తాళం లోపలే ఉండాలి. పట్టిక అందరిదీ. ఫైలు నిర్ణయం అయ్యేదాకా లోపల, అయిన మర్నాటి నుంచి బయట.

తెలంగాణలో 2024 నవంబరు 6న మొదలైన కులగణన సర్వే ఫారంలో కులం ఒక్కటే లేదు. ఆదాయం, భూమి, అప్పులు, ఉద్యోగం, వలస, రాజకీయ పదవులు కూడా అడిగారు. ఇంటి పేరుతో సహా ఆ కాగితం వడ్డీ వ్యాపారికో, పార్టీ కార్యకర్తకో దొరికితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కాబట్టి డేటా ఎంట్రీ అయిన వెంటనే పేరు, ఫోను నంబరు, ఇంటి నంబరు ఒక ఫైలులోకి, మిగతా వివరాలు మరో ఫైలులోకి పోవాలి. రెండింటినీ కలిపే సంఖ్య ఒకరిద్దరు అధికారుల దగ్గరే ఉండాలి. ఎవరు, ఎప్పుడు తెరిచారో దానంతట అదే నమోదు కావాలి.

అసలు చిక్కు పట్టికల్లో ఉంది. ఒక గ్రామంలో ఎస్సీలు 412 మంది అనుకుందాం. మాదిగలు 268, మాలలు 141, బుడగ జంగాలు 3. ఆ ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. ఆ వరుసలో అప్పులు, చదువు వివరాలు వేస్తే ఆ ఇంటి సంగతి ఊరందరికీ చెప్పినట్టే. సరే, 3 ఉన్న గడిలో చుక్క పెట్టామంటారు. 412 లోంచి 268, 141 తీసేస్తే మిగిలేది 3 అని ఐదో తరగతి పిల్లాడు చెప్తాడు. అందుకే ఒక గడి దాస్తే అదే వరుసలో ఇంకో గడి కూడా దాచాలి, లేదా మొత్తం తీసేయాలి. నిలువుగానూ ఇదే లెక్క. మండలం మొత్తం ఇచ్చి, ఒక్క ఊరు తప్ప మిగతా ఊళ్లన్నీ ఇస్తే ఆ దాచిన ఊరు బయటపడుతుంది. శాతాలిచ్చినా ఇంతే, ఇద్దరున్న చోట '50 శాతం ఉద్యోగులు' అంటే అది ఎవరో తెలిసిపోతుంది. పదిమందికి తక్కువున్న గడిని ఊరి స్థాయిలో ఇవ్వకుండా మండలంలో, అక్కడా తక్కువైతే జిల్లాలో కలపడం మేలు.

అలాగని చిన్న కులాలన్నిటినీ 'ఇతరులు' అనే గంపలో వేయడం అన్యాయం. లెక్క అవసరం ఎక్కువగా ఉన్నది వాళ్లకే. 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్సీ వర్గీకరణలో 59 కులాలను మూడు గ్రూపులు చేసి, మొదటి గ్రూపులోని 15 కులాలకు 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఆ 1 శాతం చాలదనో, తమను వేరే గ్రూపులో ఉంచాలనో వాదించాలంటే తమ జనాభా, చదువు, ఉద్యోగాల అంకెలు వాళ్ల చేతిలో ఉండాలి. పాత ఆదిలాబాద్ జిల్లాలోని తోటీలు అనే చిన్న గిరిజన తెగకూ అంతే. చిన్న కులానికి ఊరి పేరు దాచి, రాష్ట్ర స్థాయిలో అన్ని వివరాలూ ఇవ్వాలి. పెద్ద కులానికి ఊరిదాకా ఇవ్వొచ్చు. అందరికీ ఒకే కొలత పెట్టడమే తప్పు.

నిర్ణయాల ఫైళ్ల విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. సమాచార హక్కు చట్టం, 2005 లోని సెక్షన్ 8(1)(ఐ) మంత్రిమండలి పత్రాలకు మినహాయింపు ఇస్తూనే, నిర్ణయం జరిగి వ్యవహారం ముగిశాక ఆ నిర్ణయం, దాని కారణాలు, దానికి ఆధారమైన సమాచారం బయటపెట్టాలని చెప్పింది. మంత్రులు, అధికారులు నిర్ణయానికి ముందు మొహమాటం లేకుండా వాదించుకోవడానికి ఆ గడువు అవసరమే, నేను కాదనను. జీవో వచ్చాక కూడా 'పరిశీలనలో ఉంది' అని రాయడం మాత్రం ఆ సెక్షన్‌ను తలకిందులు చేయడమే.

2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సవరణతో అదే చట్టంలోని 8(1)(జె) కింద వ్యక్తిగత సమాచారం నిరాకరించడం తేలికైంది. అయినా కూడిన పట్టికలో వ్యక్తి ఉండడు, పైన చెప్పినట్టు గడులు దాస్తే. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే 8(2) అలాగే ఉంది. కొంత ఇచ్చి కొంత ఆపే పద్ధతి సెక్షన్ 10లో ఉంది. ఎందుకు ఆపారో, ఎవరు నిర్ణయించారో పేరు, హోదాతో రాయాలని కూడా అక్కడే ఉంది. దరఖాస్తు చేసేవారు 'సర్వే వివరాలన్నీ' అని అడగొద్దు. 'జిల్లాల వారీగా, కులం వారీగా చదువు, ఉద్యోగం పట్టికలు, పదిమందికి తక్కువున్న గడులు మినహాయించి, ఎక్సెల్‌లో' అని అడగండి. పది రూపాయల రుసుం, ముప్పై రోజుల గడువు. నిరాకరిస్తే ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే తొంభై రోజుల్లో సమాచార కమిషన్‌కు.

దాచే పని చేతకాక గుట్టు బయటపడుతుంది కూడా. పీడీఎఫ్‌లో పేరు మీద నల్ల గీత గీస్తారు. మౌస్‌తో ఆ నలుపును ఎంచుకుని నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే కింది అక్షరాలు వచ్చేస్తాయి. అక్షరాలను చెరిపేసి, ఆ చోట 'సెక్షన్ 8(1)(జె) కింద తొలగించాం' అని రాయాలి. ఎక్సెల్‌లో కాలమ్‌ను హైడ్ చేసి పంపినా అదే తంతు. పివట్ టేబుల్ (వరుసలను కూడి చూపే పట్టిక) ఉంటే లోపల అసలు వరుసలు మిగిలే ఉంటాయి, సీఎస్‌వీగా మార్చి పంపాలి.

2014 ఆగస్టు 19న రాష్ట్రమంతా పనులు మానుకుని ఇళ్లలో కూర్చుని చెప్పిన సమగ్ర కుటుంబ సర్వే పూర్తి పట్టికలు జనం ముందుకు రాలేదు. ఇప్పుడు 2027 జనగణనలోనూ కులం అడగబోతున్నారు. కనీసం ఈసారి ప్రతి పట్టిక కిందా దాచిన గడులెన్నో, ఏ నియమంతో దాచారో రాయాలి. గడిలో 0 అంటే మనుషులు లేరని, చుక్క అంటే ఉన్నారు గానీ దాచామని. ఈ రెండు గుర్తులూ కలిసిపోతే, ఉన్న కులం లేనట్టవుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విద్యానగర్, హైదరాబాద్