మంత్రి గారూ, మా గ్రీకు శాసనాల ఫైలు ఏ బల్ల మీద ఉంది?

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

మా ప్రాచీన చరిత్ర విభాగానికి గ్రీకు శాసనాల సంపుటాలు కొనిస్తామని, ఆ భాష నేర్పే అధ్యాపకుణ్ణి నియమిస్తామని తమరు ఇచ్చిన మాటను గుర్తు చేస్తూ రాస్తున్న ఐదో లేఖ ఇది. మొదటి నాలుగింటికీ జవాబు లేదు కనుక ఈసారి పదిమంది ఎదుట రాస్తున్నాను.

"ఆ రాళ్ళతో ఇప్పటి పిల్లలకేం పని?" అని తమ కార్యాలయంలో ఒకరు అడిగారు. గ్రీకు చరిత్రకారులు యుద్ధాల గురించి పుటలకు పుటలు నింపారు గాని కూలివాడి రోజు కూలి చెప్పాలన్న ధ్యాస వారికి పెద్దగా లేదు. అది చెప్పేది రాళ్ళే. ఏథెన్సులోని అక్రోపోలిస్ కొండపై ఎరెక్థియాన్ గుడి పనికి క్రీ.పూ. 409 తర్వాతి రెండు మూడేళ్ళలో అయిన ఖర్చంతా పాలరాతిపై చెక్కించారు, అందులో చాలా ముక్కలు మిగిలాయి. ఏథెన్సు పరిధిలోని అలోపెకె అనే పేటలో ఉండే సిమియాస్ అనే పరదేశి తన బానిసలతో కలిసి స్తంభానికి నిలువు చాళ్ళు చెక్కితే, ఆ పనికి పౌరుడికీ పరదేశికీ బానిసకూ కూలి ఒకే లెక్కన పడింది. (బానిస కూలి చివరికి ఎవరి చేతికి చేరిందో ఊహించడం కష్టం కాదు.) రోజు కూలి మామూలుగా ఒక ద్రాక్మా అనే వెండి నాణెం, లెక్కల నకళ్ళు రాయడానికి కొన్న రెండు పపైరస్ (రెల్లుతో చేసిన కాగితం) చుట్టలకు రెండు ద్రాక్మాల నాలుగు ఒబోల్‌లు అనే చిల్లర నాణేలు. లెక్క రాసే కాగితం ఖర్చును సైతం రాతికెక్కించిన ఊరది. మా ఫైలుకు మాత్రం కనీసం అందినట్టు రసీదు కూడా లేదు.

క్రీ.పూ. 414లో హెర్మీస్ అనే దేవుడి విగ్రహాల ధ్వంసం వంటి దైవద్రోహం కేసుల్లో ఏథెన్సులో శిక్ష పడినవారి ఆస్తుల వేలం పాటలో సిరియా బానిస 301 ద్రాక్మాలకు, కారియా ప్రాంతపు పసివాడు 72కు అమ్ముడుపోయారని కూడా రాళ్ళే చెబుతున్నాయి. క్రీ.పూ. 375 నాటి, నికొఫోన్ అనే ఆయన ప్రతిపాదించిన ఏథెన్సు చట్టం ప్రకారం వెండి నాణేలను పరీక్షించే ప్రభుత్వ బానిస రోజూ సంతలో డబ్బు మార్చేవారి బల్లల మధ్య కూర్చోవాలి. కూర్చోకపోతే యాభై కొరడా దెబ్బలు. మేము ఎవరికీ కొరడా దెబ్బలు కోరడం లేదు, తమ అధికారులు తమ బల్లల దగ్గర దొరికితే చాలునంటున్నాము.

డెలోస్ అనే గ్రీకు దీవిలోని దేవాలయ లెక్కల్లోని నూనె, కట్టెల ధరలపై పరిశోధన చేయాలనుకున్న మా విద్యార్థిని గ్రీకు నేర్పేవారు లేక పోయిన నెలలో అంశం మార్చుకుంది. సంపుటాలన్నీ ఒకేసారి రాకపోయినా పరవాలేదు. అధ్యాపకుణ్ణయినా పంపండి, అదీ వీలు కాకపోతే ఆ ఫైలు ఎక్కడ ఆగిందో ఒక్క ముక్క రాయించండి.

భవదీయుడు,
ఒక చరిత్ర అధ్యాపకుడు